సొలెయాలో కొత్త కార్డ్‌లు వేస్తానంటున్న మా చిన్నికి

చిన్నీ,

స్పెయిన్‌లో సెవియ్యాలో ఓ పేన్యాలో, అదే ఫ్లమెంకో క్లబ్బులో, ఓ పెద్దాయన పాటకి వచ్చే నెల నువ్వు గిటార్ వాయిస్తున్నావని, సొలెయా అనే ఆ ఫ్లమెంకో పాటకి కొత్త కార్డ్‌లు, అదే స్వరాల గుత్తులు, రాసుకుంటూ రాత్రిళ్ళు నిద్ర మానేశావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. అప్పట్నుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఆ ఊళ్ళో పాటగాడి పక్క కుర్చీ మన పిల్లకి ఇచ్చారంటే మాటలా! టెన్షన్ కూడా అంతే ఉంది.

తీగలు రెండు రోజుల ముందే మార్చుకో. కాపో, శ్రుతి పెంచే ఆ క్లిప్పు, ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడుగు. ఏదైనా తిని వెళ్ళు.

ఏ మైనర్, జి, ఎఫ్, ఇ అని కార్డ్‌లు మెట్టు మెట్టుగా దిగడం, ఎప్పుడూ అదే దిగుడు, విసుగొస్తోంది అన్నావట. ఆ దిగుడు ఉంచుకునే చాలా చేయొచ్చు. ఎఫ్ పట్టినప్పుడు సన్న తీగలు రెండూ ఖాళీగా వదిలెయ్, ఎంత గాలొస్తుందో చూడు. సి ముందు జి సెవెన్ ఎలాగూ వేస్తావు, ఎఫ్ ముందు సి సెవెన్ కూడా వెయ్యి. బులెరియాస్ అనే ఆ వేగమైన పాటలో ఏ మేజర్ పట్టి మూడో తీగని మూడో ఫ్రెట్‌లో నొక్కు, బి ఫ్లాట్ చేరి కారంగా ఉంటుంది. కొత్తదనం ఇవాళ పుట్టిందేం కాదు, ఫ్లమెంకో గిటారిస్ట్ రమోన్ మొంతోయా రొందేన్యా అనే బాణీ కోసం ఆరో తీగని డి కి, మూడో తీగని ఎఫ్ షార్ప్‌కి దించి వాయించాడు, 1936లో పారిస్‌లో రికార్డ్ చేశాడు.

కానీ ఎక్కడ వేస్తావన్నది ముఖ్యం.

నేను హెరెజ్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు నాకు జాజ్ పిచ్చి. ఒక రాత్రి ఓ ముసలాయన సొలెయా పాడుతున్నాడు. 12 దెబ్బల కొంపాస్, అంటే తాళం ఆవృతం, 10వ దెబ్బ మీద ఇ లోకి దిగాలి. ఆయన గొంతు ఎఫ్ మీంచి మెల్లిగా ఇ మీదకి జారుతోంది, సరిగ్గా అక్కడ నేను సి షార్ప్ మైనర్ వేశాను. ఇ లో ఉన్న రెండు స్వరాలు అందులోనూ ఉన్నాయిగా, కాగితం మీద తప్పేం లేదు. ఆయన అడుగు వేసే చోట నేల లాగేశానని వేసిన క్షణమే తెలిసింది. గొంతు సగంలో ఆగింది. ఆయన నా వైపు చూడలేదు. కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, వేళ్ళ కణుపులతో కొంపాస్ కొట్టుకుంటూ మిగతా పాటంతా పాడేశాడు. గిటార్ ఒళ్ళో పెట్టుకుని నేను అలాగే ఉండిపోయాను, ఎడమ చెయ్యి ఆ కార్డ్ మీంచి తియ్యాలని కూడా తోచలేదు. అయ్యాక ఆయనే గ్లాసులో ఫీనో వైన్ పోసి నా చేతికిచ్చాడు, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది చిన్నీ. మళ్ళీ ఆయన పక్కన కూర్చునే అవకాశం నాకు రాలేదు.

అందుకే చెబుతున్నా, దిగే చోటు పాడే ఆయనది. నీ కొత్త కార్డ్‌లు అక్కడికి వెళ్ళే దారిలో పెట్టు, లేదా ఆయన ఊపిరి తీసుకునేటప్పుడు నీ ఫల్సేతాలో, అంటే పాట మధ్య గిటార్ ఒక్కటే మోగే ముక్కలో, ఎన్ని కావాలంటే అన్ని వేసుకో. ఇంకో సంగతి, ఇ ని షడ్జమం అనుకుంటే వకుళాభరణ రాగంలా వినిపిస్తుంది గానీ గాంధారాలు రెండూ వస్తాయి, దిగేటప్పుడు సాధారణం, ఇ కార్డ్‌లో అంతరం. ఆయన ఏది పాడుతున్నాడో వినకుండా ఇ సెవెన్ కొట్టేస్తే చెవిలో గీసుకుపోతుంది. తాతయ్య ఒళ్ళో కూర్చుని కచేరీలు విన్నదానివి, పక్కవాద్యం వాయించేవాళ్ళు పాడేవాళ్ళ నోరే ఎలా చూసేవాళ్ళో నీకు నేను చెప్పాలా? ఫ్రెట్‌ల వైపు చూడకు తల్లీ, ఆయన్ని చూడు.

వీలైతే ముందు రోజు వెళ్ళి, గిటార్ బయటికి తియ్యకుండా ఒక్క సొలెయా పాడమని అడుగు. నువ్వు బల్ల మీద కణుపులతో కొంపాస్ కొట్టు. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ లాగుతాడో ఆ అరగంటలో తెలుస్తుంది.

రాత్రి ఒక్కదానివే నడిచి రాకు. రూమ్‌కి చేరగానే మెసేజ్ పెట్టు, ఇక్కడ తెల్లారినా సరే మేలుకునే ఉంటాను.

మావయ్య