ఫోన్‌లో చూసే చిన్న వీడియోలు చేయాలంటే మంచి కెమెరా కొనాల్సిందేనా? 4కెలో, అంటే ఇంకా ఎక్కువ పిక్సెల్స్‌తో, తీయాలా?

అక్కర్లేదండి. ఫోన్‌తోనే తీయండి, డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే కాలర్ మైక్ మీద పెట్టండి. నేను కుట్టుపని చిట్కాల వీడియోలు చేస్తుంటాను, జిప్పు వేయడం, బాబిన్‌కి దారం చుట్టడం లాంటివి, అన్నీ ఫోన్ వెనక కెమెరాతో తీసినవే.

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు గానీ మాట సరిగ్గా వినపడకపోతే వేలితో పైకి తోసేసి వెళ్లిపోతారు. ఫోన్ మైక్ చెడ్డదేం కాదు, ఇబ్బంది అంతా దూరంతోనే. స్టాండ్ మీద ఫోన్ పెట్టి నాలుగడుగుల అవతల కూర్చుంటే ఫ్యాన్ మోత, గోడలకి తగిలి తిరిగొచ్చే గొంతు అన్నీ కలిసిపోతాయి. నాకైతే మిషన్ చప్పుడు అదనం, అందుకే కుట్టేది విడిగా తీసి, మాటలు తర్వాత బట్టలు, దుప్పట్లు ఉన్న గదిలో ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టుకుని రికార్డు చేసి అతికిస్తాను. మైక్ కొనకుండానే సగం పని అయిపోతుంది. ఇంత చేసినా సౌండ్ ఆపేసి చూసేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి తెర మీద మాటలు వేయక తప్పదు.

ఆ మాటలు ఎక్కడ వేస్తారన్నది చాలామంది పట్టించుకోరు. నిలువు వీడియో అంటే 9:16, అంటే 1080 x 1920 పిక్సెల్స్, కానీ అదంతా మీది కాదు. రీల్స్‌లో అయినా షార్ట్స్‌లో అయినా కుడి అంచున లైక్, కామెంట్, షేర్ బటన్లు, కింద ఛానెల్ పేరు, క్యాప్షన్ వచ్చి కూర్చుంటాయి. చేతిపని వీడియోల్లో చేతులు ఎప్పుడూ ఫ్రేములో కిందికే వస్తాయి, చూడాల్సిన సూది కాస్తా క్యాప్షన్ వెనక్కి పోతుంది. సూది మొన ఫ్రేము మధ్యకి కొంచెం పైన పడేలా ఫోన్ వంచి పెట్టుకుంటాను నేను.

వెలుతురు కిటికీ పక్కన ఉన్నంత బాగా ఇంకెక్కడా దొరకదు. చీకటిగా ఉంటే ఫోన్ తనంతట తానే ఐఎస్‌ఓ, అంటే ఉన్న వెలుతురుని ఎంత పెంచి చూపాలన్న సెట్టింగు, పెంచుతుంది, బొమ్మ నిండా గరుకు చుక్కలు వస్తాయి, అవి ప్రతి ఫ్రేములో మారుతుంటాయి కాబట్టి అప్‌లోడ్ చేశాక యాప్ వీడియోని కుదించేటప్పుడు ఉన్న బిట్‌రేట్ (సెకను వీడియోకి వాడే డేటా) చాలావరకు వాటికే ఖర్చయిపోయి అసలు బొమ్మ అలికినట్టు అవుతుంది. తెల్లబట్ట అటూ ఇటూ జరిపినప్పుడల్లా వెలుగు పెరిగి తగ్గుతుంటే తెర మీద వేలు అలాగే నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) లాక్ చేయండి. ఎల్‌ఈడీ లైటు కింద అడ్డచారలు కదులుతుంటే, కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టి చూడండి, ఎక్కువగా పోతాయి.

షార్ట్స్‌లో 2024 అక్టోబర్ నుంచి 3 నిమిషాల దాకా పెట్టొచ్చు, అంతకుముందు 60 సెకన్లే. పెట్టొచ్చు కదా అని సాగదీయకండి. "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ బ్యాక్" అనేది నాకసలు పడదు. పూర్తయిన జిప్పు ముందు చూపించి, వెంటనే పనిలోకి దిగుతాను.

ల్యాప్‌టాప్‌లో ఎడిట్ చేసేవాళ్లయితే పోస్ట్ చేసేముందు ఫోన్‌లోకి ఎక్కించుకుని బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఒకసారి ఎండలో నిలబడి చూడండి, నల్లబట్ట మీద నీలం దారం లాంటివి అప్పుడు కనపడకుండా పోతాయి. ఎక్కించేది వాట్సాప్‌తో అయితే వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపుకోండి, లేకపోతే అక్కడే నాణ్యత పడిపోతుంది. 4కె గురించి కూడా అడిగారు కదా, తర్వాత దగ్గరికి క్రాప్ చేసే పని ఉంటేనే పెట్టుకోండి, లేదంటే ఫోన్ నిండిపోవడం తప్ప లాభం లేదు.