పక్కింటివాళ్లకు అలర్జీ గురించి పాఠం చెప్పకండి, ఒక్క మాట అడగండి

మీ నాలుగేళ్ల పాపకు వేరుశనగ పడదని తేలింది. పక్కింటి పిన్నిగారేమో "కొంచెం కొంచెం పెడుతుంటే అదే అలవాటవుతుంది" అంటున్నారు. ఆవిడ మనసు నొప్పించకుండా ఎలా ఆపాలన్నది మీ ప్రశ్న. మా అబ్బాయికీ ఇదే అలర్జీ, ఇలాంటి మాటలు మేమూ చాలా విన్నాం.

ఆవిడ మాటలో రవ్వంత నిజం ఉండటమే అసలు చిక్కు. అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయే చికిత్స ఉంది. కానీ మొదటి మోతాదూ, పెంచిన ప్రతిసారీ ఇచ్చే మోతాదూ డాక్టరు కళ్లెదుటే ఇస్తారు, ఆ తర్వాత కూడా కాసేపు కనిపెట్టి చూస్తారు. పసిపిల్లలకు ముందుగానే వేరుశనగ అలవాటు చేస్తే మంచిదని 2015లో వచ్చిన లీప్ అధ్యయనం చెప్పిన మాటా నిజమే. అయితే అది అలర్జీ రాకుండా చూసుకునే ఉపాయం. వచ్చాక ఇంట్లో చేసుకునే వైద్యం కాదు.

ఇదంతా పక్కింటివాళ్లకు వివరించబోతే వాదన పెరుగుతుంది, "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయి" దగ్గర ఆగుతుంది. అందుకని నేను ఒక్కటే అడుగుతాను: "నన్ను అడగకుండా వాడికి ఏమీ పెట్టకండి, బిస్కెట్టయినా సరే." ఫలానావి పెట్టవద్దని జాబితా ఇస్తే అది గుర్తుండదు, పైగా "ఇందులో అది లేదులే" అని వాళ్లే తీర్పు చెప్పేస్తారు. అలాగని వట్టి "వద్దు" కూడా పనిచేయదు. పిల్లవాడికి చేతిలో ఏదో ఒకటి పెట్టాలని పెద్దవాళ్లకు ముచ్చటగా ఉంటుంది కదా. వాడికి పడే చిరుతిళ్లు ఒక డబ్బాలో వేసి వాళ్లింట్లోనే ఉంచాం. వాడు వెళ్తే ఆ డబ్బాలోంచే తీసి పెడతారు. పాపకు కూడా "అమ్మను అడిగి తింటాను" అనడం ఇప్పుడే నేర్పండి, నాలుగేళ్లకు బాగానే పట్టుబడుతుంది.

ఇంటి విషయంలో మరీ బెంబేలెత్తకండి. వాసన తగిలినంత మాత్రాన తీవ్రమైన ప్రతిచర్య రావడం చాలా అరుదు, అసలు ప్రమాదం కడుపులోకి వెళ్తేనే. ఆడుకోవడానికి వచ్చే పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. శానిటైజరు క్రిములను చంపుతుందేమో గానీ వేరుశనగ ప్రొటీన్‌ను వదిలించదు. గరిటెలు, వేయించిన నూనె కలవకుండా చూసుకోండి. ఎప్పుడూ కొనే పొట్లమే అయినా ప్రతిసారీ వెనక రాసింది చదవండి, తయారీదారులు చెప్పకుండానే దినుసులు మారుస్తుంటారు.

మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది మాత్రం అత్యవసర సమయం మీద. "పోయినసారి దద్దుర్లే కదా వచ్చాయి" అన్న ధీమా వద్దు, ఈసారి ఎలా ఉంటుందో పోయినసారిని బట్టి చెప్పలేం. రక్తపరీక్షలో వచ్చిన అంకె కూడా తీవ్రతను చెప్పదు. ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకోవడం, నాలుక వాపు, పిల్ల వాలిపోవడం, దద్దుర్లతో పాటు వాంతులు, వీటిలో ఏది కనిపించినా ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) ఇంజెక్షనే ముందు. అలర్జీ సిరప్ దురదను తగ్గిస్తుంది, ప్రాణాపాయాన్ని ఆపదు. అది పోసి చూద్దామని ఆగకండి. ఆ మందు ముందే నింపి ఉండే పెన్ను లాంటి సూదిని ఆటో ఇంజెక్టరు అంటారు, దాన్ని తొడ బయటివైపు, బట్టల మీద నుంచే వేయవచ్చు. వేసి వెంటనే అంబులెన్సును పిలవాలి. పాపను పడుకోబెట్టాలి, నడిపించకూడదు. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టవచ్చు. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు. మీకు ఇంకా ఇంజెక్షను రాసివ్వకపోతే డాక్టరును ఈ వారమే అడగండి, రెండో మోతాదు ఎప్పుడు వేయాలో కూడా కనుక్కోండి.

ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి, మీ ఫోను నంబరుతో సహా, పాప ఆడుకునే ప్రతి ఇంట్లో ఇవ్వండి. సూది లేని శిక్షణ పరికరాలు దొరుకుతాయి, ఒకటి సంపాదించి వాళ్ల చేత ఒకసారి వేయించి చూడండి. "అమ్మో, నేను పొడవలేను" అనేవాళ్లు ఎంత ఆప్తులైనా సరే, పాపను వాళ్ల దగ్గర ఒంటరిగా వదలకండి.