స్టీరింగ్ పట్టింది నేనే అని చెప్పావట

చిరంజీవి కిరణ్‌కి,

మీ అమ్మ ఫోన్‌లో ఏడుస్తూనే అంతా చెప్పింది. తాగి కారు తీశావని, వనస్థలిపురం దగ్గర స్కూటర్ మీద వెళ్తున్నాయన్ని గుద్దావని, ఆయన కాలు విరిగిందని. మీ నాన్న పోలీసులకి మీ ఇంటి డ్రైవర్ పేరు ఇద్దామంటే నువ్వు ఒప్పుకోలేదని కూడా చెప్పింది. మొదటి మాటకి నీ చెంప పగలగొట్టాలనిపించింది. రెండోది విన్నాక మా చెల్లెలు మంచి కొడుకునే కన్నదనుకున్నాను.

లాయర్ని పెట్టుకో. పిలిచినప్పుడల్లా స్టేషన్‌కి, కోర్టుకి వెళ్లు. ప్రమాదం తేదీ, చోటు, గాయపడినాయన వివరాలు, నీ లైసెన్సు, పాలసీ నంబరు రాసి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపు. దర్యాప్తు అధికారికి డ్రైవర్‌గా నువ్వు ఫారం 3, ఓనర్‌గా మీ నాన్న ఫారం 4 ముప్పై రోజుల్లోపు ఇవ్వాలి. అది ఆలస్యమైతే గాయపడినాయన పరిహారం ఆలస్యమవుతుంది.

మీ నాన్న ఆ డ్రైవర్ మాట ఇంకా వదల్లేదట. ఇది మన ఊళ్లలో ఎప్పట్నుంచో ఉన్న తప్పు. డబ్బున్న ఇంట్లో పిల్లాడు గుద్దితే జీతగాడు లొంగిపోతాడు. 2024 మే 19న పూణేలో ఒక మైనర్ నడిపిన కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. నేరం నెత్తినేసుకోమని ఇంటి డ్రైవర్‌ని బలవంతపెట్టారని, రక్తం శాంపిల్ మార్పించారని పోలీసులు కేసులు పెట్టారు. తల్లిదండ్రులు, తాత, డాక్టర్లు కూడా అరెస్టయ్యారు. ఒక్కడి తప్పు ఇంటిల్లిపాదికీ చుట్టుకుంది.

పైగా అబద్ధం నిలవదు. మన కార్లలో డ్రైవర్‌కి సీటుబెల్టు ముద్ర కుడి భుజం నుంచి ఎడమ నడుము వైపు పడుతుంది, పక్కన కూర్చున్నవాడికి ఎడమ భుజం నుంచి కుడి నడుముకి. తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ మీద ఉమ్మో నెత్తురో అంటుతుంది. సీటు ఎవరి ఎత్తుకి జరిపి ఉందో కొలుస్తారు. సెల్ టవర్, సీసీ కెమెరా సరేసరి. అన్నిటికీ మించి, పెళ్లాం పిల్లలున్న ఆ డ్రైవర్ ఏదో ఒకరోజు కోర్టులో నిజం చెప్పేస్తాడు. చెప్పకపోతే నీ జైలు అతను పడతాడు. ఈ రెంటిలో ఏది జరిగినా నీకు నిద్ర పట్టదురా. ఈ పేరా మీ నాన్నకి చదివి వినిపించు.

"రెండు పెగ్గులేగా" అన్నావట. జడ్జి ముందు ఆ మాట అనకు. 60 మిల్లీలీటర్ల విస్కీలో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మనిషికి ఆ ఒక్క పెగ్గుతోనే 100 మిల్లీలీటర్ల రక్తంలో 40 మిల్లీగ్రాములకి చేరుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పరిమితి 30. గంటకి ఓ 15 చొప్పున తప్ప దిగదు. కాఫీ తాగినా, తలస్నానం చేసినా అంతే.

నాకు అసలు భయం వేరే. రేపే ఆసుపత్రికెళ్లి గాయపడినాయన కాళ్ల మీద పడతానన్నావట. వద్దు. ఆయన నీ కేసులో సాక్షి. నువ్వెళ్తే బెదిరించాడనో, కొనాలని చూశాడనో అనుకోవచ్చు, బెయిల్‌కే ఎసరు రావచ్చు. అంతకంటే పెద్దది, నువ్వు ఏడుస్తుంటే విరిగిన కాలుతో ఆయన నిన్ను ఓదార్చాలా? లాయర్ ద్వారా అడిగించు. వాళ్లు రమ్మంటే వెళ్లు. వెళ్లినా "నాదే తప్పు" అని ఆగు. క్షమించమని అడగకు, కేసు ఊసెత్తకు.

డబ్బు సంగతి. ప్రమాద బాధితులకి మొదటి 7 రోజులు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం పథకం ఉంది. అది అందిందో లేదో లాయర్ని కనుక్కోమను. మిగతా బిల్లులు ఆసుపత్రి కౌంటర్‌లోనే కట్టించి రసీదు తీసుకో. అందరూ ఆపరేషన్ ఖర్చే చూస్తారు. కాలు విరిగిన మనిషికి అసలు కష్టం డిశ్చార్జ్ అయ్యాక మొదలవుతుంది. నెలల తరబడి సంపాదన ఉండదు, ఫిజియోథెరపీకి ఆటో ఖర్చులు, ఇంటి అద్దె. దానికి నీ జీతంలోంచి కొంత తీసిపెట్టు. వాళ్లు పరిహారం కోసం ట్రిబ్యునల్‌కి వెళ్తే అడ్డుపడకు. తాగి నడిపితే మీ కారు రిపేర్‌కి ఇన్సూరెన్స్ కంపెనీ పైసా ఇవ్వదు. ఆయన పరిహారం కట్టినా ఓనర్ దగ్గర, అంటే మీ నాన్న దగ్గర, తిరిగి రాబట్టొచ్చు. ఇప్పుడే సర్దుకోండి.

రోజూ తాగే అలవాటుంటే నాతో నిజం చెప్పు, తిట్టను. అలాంటివాళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో డాక్టర్‌కి చూపించుకుని మానాలి. రాత్రిపూట గుబులు పుడితే 14416కి చెయ్యి, అది టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. లేదా నాకు చెయ్యి, ఏ వేళైనా సరే.

ఆదివారం వస్తున్నాను. ఆర్సీ, పాలసీ, లైసెన్సు, ఎఫ్ఐఆర్ కాపీ ఒక ఫైల్‌లో పెట్టి ఉంచు. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

నీ మావయ్య