పొద్దున్నే బావ పంపే వీడియోలు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 27 ఏళ్లు. బీకాం కంప్యూటర్స్ చదివి మూడేళ్లు ఒక ట్రావెల్స్ ఆఫీసులో అకౌంట్స్ చూశాను. అది మూతపడి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచి ఉద్యోగం ఎలా వెతకాలో చెప్పే వీడియోలు చూడటమే సరిపోతోంది. రెజ్యూమె ఒక్క పేజీ దాటకూడదని ఒకరంటారు, రెండు పేజీలు ఉండాల్సిందేనని ఇంకొకరు. ఇప్పుడు నా ఫోన్లో పదకొండు రెజ్యూమెలున్నాయి. రూ.4,999 కట్టి ఆన్‌లైన్ కోర్సు కూడా చేశాను. హైదరాబాద్‌లో ఉండే మా బావ రోజూ పొద్దున్నే ఒక లింకు పంపి ‘చూశావా?’ అంటారు. ఏటా గంగ జాతరకు వేషం కట్టేవాణ్ని, ఈసారి గడప దాటలేదు. ఇంత నేర్చుకున్నా ఉద్యోగం రాలేదంటే లోపం నాలోనే ఉందా? ఎవరో రూ.1,500 రిజిస్ట్రేషన్ కడితే శ్రీసిటీలో పని ఖాయమంటున్నారు. కట్టమంటారా?

జవాబు: ముందు ఆ రూ.1,500 సంగతి. కట్టకండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు జీతం ఇస్తారు గానీ మన దగ్గర వసూలు చేయరు. శ్రీసిటీ అంటే ఒక కంపెనీ కాదని మీకూ తెలుసు, సత్యవేడు, తడ వైపు ఎన్నో ఫ్యాక్టరీలున్న పెద్ద పారిశ్రామికవాడ అది. ఏ కంపెనీ, ఏ పోస్టు, ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు అని అడగండి, ఆ ఫోన్ మళ్లీ రాదు. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే మాత్రం సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక లోపం మాట. ‘ఇలా చేస్తే ఉద్యోగం గ్యారంటీ’ అని రోజూ వినేవాడికి, రాకపోతే ‘నేనే సరిగ్గా చేయలేదు’ అనే అనిపిస్తుంది. దాంతో ఇంకో వీడియో, ఇంకో రెజ్యూమె. ఊళ్లో ఈ నెల అకౌంటెంట్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో ఆ వీడియోవాళ్లకు తెలియదు, తెలిసినా చెబితే ఎవరూ చూడరు. పైగా అదే పద్ధతి పాటించి ఉద్యోగం వచ్చినవాడు కెమెరా ముందుకొస్తాడు. రానివాడు మీలాగే ఇంట్లో కూర్చుని చూస్తుంటాడు.

నా దగ్గరికి వచ్చిన చిత్తూరు అమ్మాయి ఒకరు ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు ఒక వీడియోలోని జవాబు కామాలతో సహా బట్టీ పట్టి వెళ్లింది. ఆమె రెండో వాక్యంలో ఉండగానే ఇంటర్వ్యూ చేసే ఆయన నవ్వి, ‘పొద్దుట్నుంచి ఈ మాటే మూడోసారి వింటున్నానమ్మా’ అన్నారట. ఆ రాత్రి ఆమె కొత్త జవాబు కోసం మళ్లీ యూట్యూబే తెరిచింది!

రెజ్యూమెను సాఫ్ట్‌వేరే తిప్పికొడుతుందన్న భయం కూడా మీకు పట్టుకునే ఉంటుంది. పెద్ద కంపెనీలు అప్లికేషన్లను సాఫ్ట్‌వేర్లో పెట్టి వెతుక్కునే మాట నిజమే. కానీ లీలామహల్ సెంటర్ దగ్గరి లాడ్జి ఓనరు మీ కాగితం ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ మాట్లాడుతూ, ‘ట్యాలీ వచ్చా? జీఎస్‌టీ రిటర్న్స్ వేశావా?’ అని అడుగుతాడు. ఆ రెండూ పైన కనబడితే చాలు. అందుకని పదకొండింట్లో ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. ఒక పేజీదే ఉంచండి, అంతకు మించి చర్చ అక్కర్లేదు.

మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజికవేత్త 1973లో ఒక సంగతి రాశారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, కబురు చెప్పింది రోజూ కలిసే దగ్గరి స్నేహితులు కాదు, ఎప్పుడో ఒకసారి కలిసే ముఖపరిచయాలని ఎక్కువమంది విషయంలో తేలింది. మీ పాత ఆఫీసు లెక్కలు ఏ ఆడిటర్ గారు చూసేవారు? బ్యాంకులో మీ చెక్కులు తీసుకున్నవాళ్లు, మీకు బిల్లులు పంపిన హోటళ్లవాళ్లు? మూడేళ్లలో కనీసం ఇరవైమందికి మీ పని తెలిసి ఉంటుంది. ఎనిమిది నెలల్లో వాళ్లలో ఎంతమందికి ఫోన్ చేశారు? ఉత్తరంలో ఒక్కరి ఊసూ లేదు. ‘ఖాళీగా ఉన్నానని ఎలా చెప్పను’ అన్న మొహమాటమే కదా. జాతరకు బయటికి రాకపోవడం కూడా అందుకేనని నా అనుమానం.

ఆడిటర్ల ఆఫీసుల్లో పని ఎప్పుడు మీద పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నెలనెలా 11న జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్న్, 20న పన్ను కట్టే 3బి రిటర్న్, జులై నుంచి ఆదాయపు పన్ను రిటర్న్‌లు, సెప్టెంబర్ ఆఖరుకు ఆడిట్ రిపోర్టులు. ఆ తేదీలకు వారం ముందే వెళ్లి, ‘సార్, ఈ సీజన్‌కు మనిషి కావాలా?’ అనండి. రెండు నెలల పనే అయినా ఒప్పుకోండి. జీతం తక్కువైనా సరే.

ఫోన్ పారేయమనను. జీఎస్‌టీలో మారిన నిబంధన నేర్పే వీడియో ఉంటే చూడండి, మీ పనికి పనికొస్తుంది. ఉద్యోగం ఎలా వెతకాలో చెప్పేవి మాత్రం రెండు నెలలు ముట్టుకోకండి. రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, బతకడమెందుకు అనిపించినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, ఏ వేళప్పుడైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బావగారి సంగతి మిగిలింది. ఆయనకు మీ మీద ప్రేమే, కాకపోతే ప్రేమ చూపించడానికి లింకు తప్ప ఇంకేం చేతకావడం లేదు. రేపు ‘చూశావా?’ అన్నప్పుడు చిరాకు పడకుండా ఇలా అడగండి: “బావా, వీడియోలు చాలు. తిరుపతిలో గానీ చెన్నైలో గానీ అకౌంట్స్ లైన్లో మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్క నంబర్ ఇవ్వండి, నేనే మాట్లాడతాను.”