చీటీ పాడి అల్లాయ్ వీల్స్ వేయించాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. నాకు 41 ఏళ్లు. జీతం చేతికి 82 వేలు వస్తుంది. 2022లో కొన్న క్రెటా ఉంది, కింది వేరియంట్, 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈఎంఐ 14,600, ఇంకో 15 నెలలు కట్టాలి. బండి చూడటానికి మరీ సాదాగా ఉంది. శ్రీశైలం ఘాట్‌లో మలుపు తిప్పితే ఒరుగుతోంది, హైవే మీద 100 దాటితే తేలిపోతున్నట్టు ఉంటోంది. ఆటోనగర్‌లో కొటేషన్ తీసుకున్నాను: 18 అంగుళాల అల్లాయ్ వీల్స్, టైర్లతో కలిపి 1,05,000, ఎత్తు తగ్గించే స్ప్రింగులు 26,000, మ్యాట్ గ్రే ర్యాప్ (బండి ఒంటి మీద అతికించే రంగు ఫిల్మ్) 55,000, ముందు గార్డు 8,500, హెడ్‌లైట్లకు ఎల్ఈడీ 7,000, అద్దాలకు నల్ల ఫిల్మ్ 6,500. మొత్తం 2,08,000. నాకు 2 లక్షల చీటీ ఉంది, నెలకు 5 వేలు, 40 నెలలు. 9 నెలలు కట్టాను. ఈ నెల పాడేసి పని కానిచ్చేద్దామనుకుంటున్నా. బ్యాంకులో 60 వేలు ఉన్నాయి. పాప పదో తరగతి. మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ వద్దంటున్నది బండి సోకునా, చీటీ పాడటాన్నా అన్నది మీరు రాయలేదు. చీటీ సంగతైతే నా ఓటు ఆవిడకే. బండి సంగతైతే మాత్రం సగం మీ వైపు ఉన్నాను.

ముందు చీటీ చూద్దాం. తొమ్మిదో, పదో నెలలో పాట గట్టిగా ఉంటుంది. 50 వేలు వదులుకుని పాడారనుకోండి, చేతికి వచ్చేది లక్షన్నర. అదే చివరి దాకా ఆగితే, నిర్వాహకుడి కమీషన్ 5 శాతం పోను 1,90,000 వస్తుంది (చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది, మీ పాస్‌బుక్‌లో ఎంతుందో చూసుకోండి). మీరు కట్టే వాయిదాలు రెండు దారుల్లోనూ అవే. అంటే చక్రాల కోసం 40 వేలు ముందే వదిలేస్తున్నారు. పైగా చేతికొచ్చే లక్షన్నరతో ఆ కొటేషన్ ఎలాగూ పూర్తి కాదు, మిగతా 58 వేలు బ్యాంకులోంచి తీయాల్సిందే. అప్పుడు ఖాతాలో మిగిలేది 2 వేలు. జామీను కోసం ఇద్దరిని బతిమాలడం అదనం. పర్సనల్ లోన్ అయినా ఇంతే. 14 శాతానికి 2 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే నెలకు 6,835, వడ్డీ ఒక్కటే 46 వేలు.

ఇంకో లెక్క మీరు గమనించినట్టు లేదు. చీటీలో ఇంకా 31 నెలలు ఉన్నాయి. పాప ఈ ఏడు పది, తర్వాత రెండేళ్లు ఇంటర్. ఆ 31 నెలలు పూర్తయ్యేసరికి సరిగ్గా కౌన్సెలింగ్ సమయం వస్తుంది. తెలిసి వేశారో తెలియక వేశారో, చీటీ ముగింపు ఫీజు కట్టే నెలకు సరిపోయింది. దాన్ని కదపకండి.

ఇప్పుడు కొటేషన్. ఇందులో మూడు పద్దులకు డబ్బు దండగ కావడమే కాదు, ఎదురు జరిమానా కూడా పడవచ్చు. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. ముందు గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ బంపరు నలిగి మింగేయాలి, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకు సరిగా తెలియాలి. ఇనప గార్డు ఆ రెండింటికీ అడ్డం. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012లోనే కొరడా ఝుళిపించింది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు దూరాలన్నది నియమం. ర్యాప్ సంగతీ అంతే. ఆర్సీలో తెల్ల రంగు, రోడ్డు మీద మ్యాట్ గ్రే ఉంటే చెక్‌పోస్టు దగ్గర మీరే సంజాయిషీ చెప్పుకోవాలి. చేయించాలనే ఉంటే ముందు ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో రంగు మార్పించి, బీమా కంపెనీకి తెలపాలి. నాకైతే 55 వేలు పెట్టి ఆ తిరుగుడు తిరిగే ఓపిక లేదు. మొత్తం 70 వేలు ఇక్కడే తగ్గాయి.

ఎల్ఈడీల గురించి సొంత అనుభవం ఒకటి చెబుతాను. పాత కారుకు ఒక షాపులో వేయించాను. కుర్రాడు హెడ్‌లైట్ వైరు కత్తిరించి, మెలిపెట్టి, పైన టేపు చుట్టాడు. నాకు అప్పుడు ఏమీ అనిపించలేదు. ఏడు నెలలకు వానలో వైరింగ్ కాలి లైట్లు ఆరిపోయాయి. వారంటీ ఉంది కదా అని సర్వీస్ సెంటర్‌కు వెళ్తే, ఆ టేపు విప్పి నా ముందే ఫోటో తీసుకున్నారు. బిల్లు 11,400. 7 వేల సోకుకు 18 వేలు అయిందన్నమాట. పైగా హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది.

చక్రాల దగ్గర అసలు తమాషా ఉంది. మీ వేరియంట్‌కు వచ్చేది 205/65 ఆర్16 టైరు (వెడల్పు 205 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 16 అంగుళాలు). దాని మొత్తం ఎత్తు 673 మి.మీ. 18 అంగుళాల రిమ్ముకు షాపులు తరచూ అంటగట్టే 235/55 వేస్తే 716 మి.మీ. అవుతుంది, అంటే ఆరు శాతం పైగా ఎక్కువ. మీటర్ 100 చూపించేచోట మునుపటి కంటే 6 కి.మీ. ఎక్కువ వేగంతో పోతుంటారు. టైరుతో బండిని రెండు సెంటీమీటర్లు పైకి లేపి, 26 వేలు పెట్టి స్ప్రింగులతో మళ్లీ కిందికి దింపుతున్నాం! అయిదుగురు ఎక్కి డిక్కీ నింపి ఘాట్ ఎక్కితే టైరు లోపలి ఫెండర్‌కు రాసుకుంటుంది. బరువైన చక్రంతో మైలేజీ తగ్గుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. సైడువాల్, అంటే టైరు పక్క గోడ, సన్నబడేకొద్దీ గుంటలో పడినప్పుడు రిమ్ము వంకర పోయే భయం. మామూలు సమగ్ర పాలసీలో టైరు ఒక్కటే దెబ్బతింటే క్లెయిమ్ రాదు. బండికీ అదే సమయంలో దెబ్బ తగిలితేనే ఇస్తారు, అదీ టైరు ఖరీదులో సగమే.

మరి ఒరగడం, తేలడం? అది ఊహ కాదు, నమ్ముతాను. కానీ 46 వేలు తిరిగిన బండికి ముందు చూడాల్సింది స్ప్రింగులు కాదు. నా కారు కూడా విజయవాడ హైవేలో ఇలాగే తేలింది. నేనూ షాక్ అబ్జార్బర్లు మార్పిద్దామని సిద్ధమైపోయాను. చివరికి చూస్తే, బంకులో కుర్రాడు నాలుగింటికీ 42 పీఎస్ఐ కొట్టాడు. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, ఎంత గాలి ఉండాలో అందులో ఉంది. మనుషులు, సామాను నిండుగా ఉన్నప్పుడు ఎంతో కూడా అక్కడే ఉంటుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉండగా చూసుకోవాలి. ఖర్చు సున్నా.

తర్వాత టైరు గాడుల్లో అడ్డంగా ఉండే చిన్న గట్లు చూడండి. ట్రెడ్ వాటి దాకా అరిగిందంటే 1.6 మి.మీ. మాత్రమే మిగిలింది, వెంటనే మార్చాలి. మీ బండికి ఇవి మొదటి టైర్లే అయితే ఆ దరిదాపుల్లోనే ఉండాలి. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించి, షాక్ అబ్జార్బర్ల నుంచి ఆయిల్ కారుతోందా, బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) పగిలాయా చూపించండి. ఇవన్నీ అయ్యాక కూడా ఒరిగితే కొంచెం సర్దుకోవాలి. ఎత్తైన బండి కాస్త ఒరుగుతుంది, వెనక సీటులో కూర్చునేవాళ్ల నడుము కోసం మెత్తగా చేశారు మరి.

అందుకే టైర్లను సోకు పద్దులో రాయను. ఎలాగూ మార్చాల్సినవి. ఒక్కోటి 8 వేలనుకుంటే 32 వేలు, ఇప్పుడే బ్యాంకులోని 60 వేలలోంచి తీయండి, ఆ గుంటను నాలుగు నెలల్లో పూడ్చండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్లు, విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో 18 ఉందో లేదో చూడండి. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే వద్దనండి. రేపు యాక్సిడెంట్ అయితే ఆ కాగితమే అడుగుతారు. నిజానికి 60 వేలంటే మీ జీతంలో నెల కూడా కాదు, దాన్ని కనీసం మూడు నెలల ఇంటి ఖర్చుకు చేర్చాలి.

అల్లాయ్ వీల్స్ కావాలి, సరే. మీకు నచ్చింది, రోజూ చూసుకునే బండి, నేనెవర్ని కాదనడానికి? 16 అంగుళాలవే తీసుకోండి, టైరు సైజు మారదు, పేచీ ఉండదు. ముందు టైర్ల గుంట పూడ్చి, ఆ తర్వాత నెలకు 4 వేలతో ఏడు నెలల ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) వేస్తే 28 వేలు చేతికొస్తాయి. ఆ డబ్బుకు వచ్చే సెట్టే చూడండి. 17 అంగుళాలు ముచ్చట అయితే పై వేరియంట్లకు కంపెనీయే ఇచ్చిన 215/60 ఆర్17 దాటొద్దు. అయితే దానికి టైర్లు కూడా వేరే కావాలి కాబట్టి ఇప్పుడు కొత్తవి కొనకముందే తేల్చుకోండి. చక్రాలు పెట్టించాక రెన్యువల్‌లో వాటి విలువ యాక్సెసరీస్ కింద రాయించండి. రాయించకపోతే పోయినా విరిగినా మీ ఖాతాలోదే.

అన్నట్టు, షాపువాళ్లు పాత ఇనప రిమ్ములు ఎక్స్చేంజ్‌లో తీసుకుంటామంటారు, వెయ్యో రెండువేలో తగ్గిస్తామంటారు. ఇవ్వకండి, అటక మీద పెట్టండి. బండి అమ్మేనాడు కొనేవాడు అల్లాయ్‌కు రూపాయి ఎక్కువ ఇవ్వడు. రిమ్ములు మళ్లీ తగిలించి, అల్లాయ్ సెట్ విడిగా అమ్ముకుంటే ఎంతో కొంత తిరిగొస్తుంది.