కమ్యూనిటీ కాలేజీలో తత్త్వశాస్త్రం, నీతిశాస్త్రం చదవవచ్చా?

హైదరాబాదులో ఇంజినీరింగ్ చదివి ప్రస్తుతం హెచ్-4 వీసాపై (హెచ్-1బీ వంటి ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబసభ్యులకు ఇచ్చేది) కాలిఫోర్నియాలో ఉంటున్న మీరు, ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో, అంటే ప్రధానంగా రెండేళ్ల కోర్సులు నడిపే ప్రభుత్వ కాలేజీలో, తత్త్వశాస్త్రం, నీతిశాస్త్రం చదవవచ్చా, ఆ నేపథ్యం లేనివారికి అవి అందుతాయా అని అడిగారు. నేనూ ఇంజినీరింగ్ చదివి వచ్చి, ఈ రాష్ట్రంలోనే ఒక కమ్యూనిటీ కాలేజీలో సాయంకాలపు తరగతులకు వెళ్లి ఈ రెండూ చదువుకున్నాను. తప్పకుండా చేరమనే చెబుతాను.

ముందుగా ఖర్చు సంగతి. హెచ్-4 మీద ఉన్నవారు చదువు కోసం వేరే వీసాకు మారనక్కరలేదు. కాలేజీ మిమ్మల్ని రాష్ట్ర నివాసిగా గుర్తిస్తే సెమిస్టర్ యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని లెక్కించే కొలత) 46 డాలర్ల చొప్పున మూడు యూనిట్ల కోర్సుకు 138 డాలర్లు, దానిపై కొన్ని చిన్న రుసుములు అవుతాయి. ఆ గుర్తింపు రావాలంటే ఏడాదికి పైగా ఇక్కడే నివాసం ఉన్నట్టు పత్రాలు చూపాలి. లేకపోతే ఫీజు ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, పేరు నమోదు చేసుకోకముందే అడ్మిషన్స్ ఆఫీసులో ఈ విషయం తేల్చుకోండి.

ఇక నేపథ్యం లేదన్న మీ సందేహం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నీతిశాస్త్రం మొదటి కోర్సులో ప్రధానంగా ముగ్గురు కనిపిస్తారు: సద్గుణం అభ్యాసం వల్ల అలవడుతుందనే అరిస్టాటిల్, ఫలితంతో నిమిత్తం లేకుండా కర్తవ్యాన్ని పాటించాలనే కాంట్, అందరి సుఖదుఃఖాలనూ సమానంగా లెక్కించి మొత్తం మీద ఎక్కువ మేలు చేసే పనే సరైనదనే మిల్. కాంట్ 1797లో రాసిన ఒక వ్యాసంలో, మన ఇంట్లో దాక్కున్న స్నేహితుణ్ణి చంపడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి అడిగినా అబద్ధం చెప్పకూడదని వాదిస్తాడు. మా తరగతిలో దీనిపై చర్చ సాగుతుండగా నాకు కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కౌశికుడి కథ గుర్తుకు వచ్చి, చెప్పాను. సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన ఆ తపస్వి, దొంగలకు భయపడి అడవిలో దాక్కున్నవారి జాడను ఆ దొంగలకే ఉన్నదున్నట్టు చెప్పి, వారి చావుకు కారణమై, నరకానికి పోయాడు.

ప్రొఫెసరు ఆ కథను విని ఊరుకోలేదు. కృష్ణుడు ఇక్కడ కేవలం ఫలితాన్ని బట్టి తీర్పు చెబుతున్నాడా, లేక ప్రాణులను కాపాడటమనే మరో ధర్మాన్ని సత్యం కంటే పైన నిలుపుతున్నాడా అని అడిగారు. అప్పుడు ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసే ఒక సహాధ్యాయిని, ఫలానా రోగి ఇక్కడ ఉన్నాడా అని ఎవరైనా అడిగితే ఔననీ కాదనీ చెప్పకుండా ఉండటమే తన ఉద్యోగంలో నేర్పారని చెప్పింది. మౌనంతో గండం గడిచేటట్టయితే మౌనమే మేలని, పలకక తప్పనప్పుడే అసత్యమని కృష్ణుడు కూడా అన్నాడు కదా! ఆ మాట నేను చెప్పేసరికి చర్చ ఇంకా లోతుకు వెళ్లింది.

కమ్యూనిటీ కాలేజీని నేను గట్టిగా సమర్థించడానికి కారణం ఇటువంటి తరగతులే. పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన సైన్యంలో పనిచేసి వచ్చినవారు, రోజంతా ఉద్యోగం చేసి వచ్చిన తల్లిదండ్రులు కూర్చుంటారు. కర్తవ్యం, న్యాయం వంటివి వారికి పుస్తకంలోని మాటలు మాత్రమే కావు. పైగా మనం రాసిన పేపర్లను, అంటే వ్యాసాలను, సాధారణంగా ప్రొఫెసరే స్వయంగా దిద్దుతారు.

అసలు శ్రమంతా ఆ పేపర్లలోనే ఉంది. మాకు పెట్టిన నియమం ప్రకారం, పేపరులో మొదటి సగం ఎవరిని విమర్శించదలచామో వారి వాదాన్నే, అది చదివితే వారు సైతం ఇది నా మాటే అని ఒప్పుకునేంత నిజాయితీగా, ఆధారాలు ఏవి, వాటి నుంచి తేల్చినది ఏది అని విడదీసి రాయాలి. మన ఆక్షేపణ ఆ తరువాతే. "నాకు అలా అనిపిస్తుంది" అన్నదాన్ని కారణంగా ఒప్పుకోరు. ఇంజినీరింగ్‌లో ఒక్కొక్క మెట్టునూ సరిచూసుకునే అలవాటు ఇక్కడ చాలా అక్కరకు వస్తుంది.

ఇంగ్లీషు గురించి దిగులు పడకండి. పాత అనువాదాల భాష ఇక్కడ పుట్టి పెరిగినవారికీ కష్టమే. ప్రతి వ్యాసాన్నీ రెండుసార్లు చదవండి. రెండోసారి చదివేటప్పుడు ఒక్కొక్క పేరా ఏం చేస్తున్నదో, అంటే వాదిస్తున్నదా, ఉదాహరణ ఇస్తున్నదా, ఎదుటివారి మాటను ఖండిస్తున్నదా అన్నది, మార్జిన్‌లో తెలుగులోనే రాసుకోండి. ప్రొఫెసరు విద్యార్థులను కలవడానికి కేటాయించే ఆఫీస్ అవర్స్‌కు మొహమాటపడకుండా వెళ్లండి.

తరువాత ఎప్పుడైనా విశ్వవిద్యాలయానికి మారదలచుకుంటే, కమ్యూనిటీ కాలేజీ కోర్సులు ఈ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎలా చెల్లుతాయో చూపే అసిస్ట్ (ASSIST) వెబ్‌సైటులో మీ కాలేజీ పేరుతో వెతికి ఆ కోర్సు ఎక్కడ చెల్లుతుందో చూసుకోండి.

తరగతులు మొదలయ్యేలోగా ప్లేటో రాసిన 'క్రైటో' చదవమని నా సలహా. మరణశిక్ష పడి చెరసాలలో ఉన్న సోక్రటీసును తప్పించుకుపొమ్మని అతని మిత్రుడు బతిమాలే ఆ సంభాషణ చిన్నదే, ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. స్నేహితుల పరువు, పిల్లల పెంపకం అంటూ క్రైటో చెప్పే కారణాలను వరుసగా రాసుకుని, సోక్రటీసు వాటిలో వేటికి నేరుగా జవాబిచ్చాడో, వేటిని పక్కన పెట్టాడో గుర్తించండి. మా తరగతిలో మొదట రాయించిన పేపరు సరిగ్గా ఆ ప్రశ్న మీదే.