టిక్కా టి3ఎక్స్: లైట్ కొనాలా, ట్యాక్ ఏ1 కొనాలా?

రెండూ టిక్కా కంపెనీ టి3ఎక్స్ రైఫిళ్లే, రెండూ 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా సైజువే, మరి ట్యాక్ ఏ1 ధర లైట్ కన్నా అంత ఎక్కువ ఎందుకు, అంత పెడితే గురి కూడా అంత బాగుంటుందా అని మీరు అడిగారు. టెక్సస్‌లో జింకల వేటకి నేను లైటే వాడతాను. ట్యాక్ ఏ1 నా స్నేహితుడిది, రేంజ్‌కి (కాల్పులు ప్రాక్టీస్ చేసే చోటుకి) వెళ్లినప్పుడల్లా దాంతోనూ కాలుస్తాను. మొదటి తూటాకి ఈ రెండింటి మధ్య నాకు తేడా కనపడలేదు. పదో తూటా దగ్గరికి వచ్చేసరికి స్పష్టంగా కనపడుతుంది.

రెండూ ఫిన్లాండ్‌లోని రీహిమాకిలో సాకో ఫ్యాక్టరీ నుంచి వచ్చేవే. లోపలి యాక్షన్ (తూటాని ఎక్కించి పేల్చే యంత్రాంగం) ఒకటే, దాన్ని తెరిచి మూసే బోల్ట్ కూడా అదే. 100 గజాల దూరంలో మూడు తూటాలు దాదాపు అంగుళం లోపల పడతాయని కంపెనీ లైట్‌కి కూడా హామీ ఇస్తుంది. కాబట్టి చవక మోడల్‌కి నాసిరకం బ్యారెల్ వేశారేమో అన్న అనుమానం వద్దు.

అసలు తేడా బ్యారెల్ మందంలో ఉంది. లైట్ బ్యారెల్ సన్నం, పలచటి పెనంలా గబుక్కున కాగిపోతుంది. ఎండాకాలం రేంజ్‌లో వరసగా ఐదారు రౌండ్లు (తూటాలు) కాల్చి చూడండి, బ్యారెల్ మీద చెయ్యి ఆనదు. స్కోప్‌లో (గురి చూసే దుర్భిణిలో) టార్గెట్ వేడి గాలికి అలల్లా కదులుతుంది, గ్రూప్ విచ్చుకుంటుంది, అంటే తూటాలు ఒకచోట పడకుండా దూరదూరంగా పడతాయి. బోల్ట్ తెరిచిపెట్టి చల్లారేదాకా ఆగాల్సిందే. ట్యాక్ ఏ1 లావు బ్యారెల్‌కి ఆ ఇబ్బంది చాలా తక్కువ. పది రౌండ్లు పట్టే మ్యాగజైన్ (తూటాల డబ్బా) ఇచ్చింది కూడా అందుకే. అదే వేటలో అయితే మీరు కాల్చేది ఒక్క తూటా, మహా అయితే రెండు, అదీ చల్లటి బ్యారెల్‌తో.

ఇక బరువు. స్కోప్ లేకుండా లైట్ మూడు కిలోల లోపే, ట్యాక్ ఏ1 సుమారు 4.7 కిలోలు. స్కోప్, బైపాడ్ (ముందు ఆనించే రెండు కాళ్ల స్టాండు) తగిలిస్తే ఆరు దాటుతుంది. టెక్సస్ హిల్ కంట్రీ ప్రాంతపు రాళ్లగుట్టల్లో పొద్దుటినుంచీ భుజాన మోస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ రేంజ్‌లో బల్ల మీద ఆనించి కాల్చేటప్పుడు ఆ బరువే మేలు చేస్తుంది: పేలినప్పుడు భుజానికి తగిలే తన్ను తక్కువ, పేల్చాక కూడా రైఫిల్ టార్గెట్ మీదే నిలుస్తుంది, తూటా ఎక్కడ తగిలిందో స్కోప్‌లో మీరే చూసుకోవచ్చు. ట్యాక్ ఏ1లో చెంప ఆనే ఎత్తు, స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) పొడవు మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ట్రిగ్గర్ రెండు దశల్లో లాగాలి. మీరు అదనంగా ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం దాని అల్యూమినియం చాసీకే (యాక్షన్‌ని బిగించే చట్రానికే) పోతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. టార్గెట్ల కోసం చేసిన మ్యాచ్ తూటాలతో జింకని కొట్టకండి. అవి కాగితం మీద చక్కటి గ్రూప్ ఇస్తాయి కానీ ఒంట్లో సరిగ్గా విచ్చుకుంటాయన్న నమ్మకం లేదు. జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో బాధపడి చస్తుంది. రైఫిల్ ఏదైనా సరే, వేటకి వేట తూటాలే వాడాలి.

మీరు రాసినదాన్ని బట్టి ఏడాదికి ఒకటి రెండు సార్లు వేట, అప్పుడప్పుడు రేంజ్. దానికి లైటే సరిపోతుంది. మిగిలిన డబ్బు మంచి స్కోప్ మీద, ప్రాక్టీస్ రౌండ్ల మీద పెట్టండి. నెలనెలా రేంజ్‌లో గంటలకొద్దీ కాల్చే ఆలోచన ఉంటే టిక్కా టి3ఎక్స్‌లోనే సీటీఆర్ అనే మోడల్ చూడండి. మధ్యరకం బ్యారెల్, పది రౌండ్ల మ్యాగజైన్, బరువు మూడున్నర కిలోల దాకా. మోయొచ్చు, ఎక్కువసేపు కాల్చొచ్చు.

హెచ్‌1బీ మీద ఉన్నానన్నారు కాబట్టి ఇది కూడా గుర్తుపెట్టుకోండి. నాన్‌-ఇమిగ్రెంట్ వీసా వాళ్లు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. టెక్సస్ వార్షిక లైసెన్స్ గడువు ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది, అది తప్పకుండా రెన్యూ చేయించుకుంటూ ఉండండి.